పోఖ్రాన్ నుంచి కార్గిల్ దాకా: సరిహద్దు వెంట రోజువారీ ప్రయాణం

భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం వస్తుందేమోనన్న మాట దక్షిణాదిలో ఎక్కువగా టీవీల్లో లేచి టీవీల్లోనే అణగిపోతుంది. సరిహద్దు జిల్లాల్లో అది రోజువారీ పనుల్లో కలిసిపోయి ఉంటుంది. బంకరు తాళం చెవి ఎవరి దగ్గరుంది, సైరన్ ఏ తీరున మోగింది, కంచె గేటు ఎన్నింటికి తీస్తారు అన్నవే అక్కడి ప్రశ్నలు. థార్ ఎడారిలో పోఖ్రాన్ దగ్గర మొదలై, పంజాబ్ కంచె పక్కగా సాగి, జమ్మూ మీదుగా కార్గిల్ చేరే ఈ దారిలో రెండు అణ్వస్త్ర దేశాల భయం ఎక్కడెక్కడ పుట్టిందో, దాన్ని అదుపులో పెట్టడానికి ఏ ఏర్పాట్లు మిగిలి ఉన్నాయో చోటు చోటునా కనిపిస్తుంది.

సమయం ఎంచుకోవడమే చిక్కు. ఎడారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది గానీ అప్పటికి శ్రీనగర్, కార్గిల్ మధ్య ఉన్న జోజిలా కనుమ మంచుతో మూసుకుపోవచ్చు. మే, జూన్‌లలో కనుమ తెరిచి ఉంటుంది, కానీ జైసల్మేర్‌లో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రెండూ కుదిరేది అక్టోబరులోనే. ఆధార్ లేదా ఓటరు కార్డు అసలుదే దగ్గరుండాలి. జమ్మూకశ్మీర్, లదాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచెయ్యవు కాబట్టి పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలి. డ్రోన్ కెమెరా ఇంట్లోనే వదిలి రావాలి. తిరుగు ప్రయాణానికి ఒక్క విమానం టిక్కెట్టునే నమ్ముకోకూడదు. రెండు దేశాల మధ్య దాడులు సాగిన 2025 మేలో ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలను పౌర విమానాలకు మూసేశారు, 12వ తేదీ దాకా తెరవలేదు. ఈ దారిలో వచ్చే విమానాశ్రయాలన్నీ దాదాపు ఆ జాబితాలో ఉన్నవే.

మొదటి రోజు: జోధ్‌పూర్, పోఖ్రాన్, జైసల్మేర్

జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ సుమారు 170 కి.మీ., అక్కడి నుంచి జైసల్మేర్ మరో 110. అణు పరీక్షలు జరిగిన చోటికి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వరు. అది సైన్యం ఫైరింగ్ రేంజ్. రోడ్డు పక్కన బండి ఆపి రేంజ్ వైపు ఫోటోలు తియ్యడం మంచిది కాదు.

1974 మే 18 పొద్దున 8 దాటిన కాసేపటికి ఇక్కడ 107 మీటర్ల లోతులో భారత్ తొలి పరీక్ష చేసింది. మళ్ళీ 24 ఏళ్ళకు, 1998 మే 11 మధ్యాహ్నం 3:45కు మూడు, మే 13న రెండు పరీక్షలు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు నిఘా పెట్టినా వాటికి దొరక్కపోవడానికి కారణం పని తీరే. తవ్వకాలు, తరలింపులు రాత్రిపూటే జరిగేవి. తెల్లారేసరికి యంత్రాలు మునుపటి చోట్లకు చేరేవి. తవ్విన ఇసుకను గాలి వాలుకు తగ్గట్టు దిబ్బలుగా పోసేవారు. అబ్దుల్ కలాం, ఆర్. చిదంబరం సహా శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో, మారుపేర్లతో తిరిగారు. పోఖ్రాన్ దాటి జైసల్మేర్ వైపు వెళ్తుంటే ఖేతోలాయ్ అనే ఊరు వస్తుంది. 1998లో పరీక్షకు ముందు ఊరివాళ్ళను ఇళ్ళ నుంచి బయటికి రమ్మన్నారు. తర్వాత గోడలు బీటలు వారాయి.

17 రోజుల తర్వాత మే 28న పాకిస్తాన్ బలూచిస్తాన్‌లోని చాగై కొండల్లో, 30న ఖరాన్ ఎడారిలో పరీక్షలు జరిపింది. అప్పటిదాకా అనుమానంగా ఉన్నది బాహాటమైంది. 2025 జనవరి నాటికి స్టాక్‌హోమ్‌లోని సిప్రి అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం భారత్ దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170 అణు వార్‌హెడ్‌లున్నాయి.

అణ్వస్త్రాన్ని తొలుత ప్రయోగించబోమని, మన మీద ప్రయోగిస్తే మాత్రం తట్టుకోలేనంత నష్టం కలిగేలా భారీగా తిప్పికొడతామని భారత్ 2003 జనవరి 4న అధికారికంగా ప్రకటించింది. పాకిస్తాన్ అలాంటి మాట ఏనాడూ ఇవ్వలేదు. 2019 ఆగస్టు 16న ఇదే పోఖ్రాన్‌లో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ఈ విధానం ఇప్పటిదాకా కొనసాగుతోందని, ముందు ముందు ఏమవుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందని అన్నారు. అధికారిక విధానం మారలేదు. కానీ ఆ ఒక్క మాటను అవతల ఎంత శ్రద్ధగా చదివారో ఊహించుకోవాలి.

రెండో రోజు: తనోట్, లోంగేవాలా

జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్ మీదుగా తనోట్ 120 కి.మీ. అక్కడి నుంచి లోంగేవాలా సుమారు 40. రామ్‌గఢ్‌లోనే ట్యాంకు నింపుకోవాలి, ఆపైన పెట్రోలు మీద ఆశ పెట్టుకోకూడదు. మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్ళు వెంట ఉండాలి. తనోట్ గుడి దాకా భారతీయులకు అనుమతి అక్కర్లేదు. అక్కడి నుంచి సరిహద్దు స్తంభం దాకా వెళ్ళాలంటే సరిహద్దు భద్రతా దళం (బీఎస్ఎఫ్) అనుమతి కావాలి.

తనోట్ మాత గుడి నిర్వహణ బీఎస్ఎఫ్ చేతిలోనే ఉంది. 1965 యుద్ధంలో ఇక్కడ పడి పేలని గుండ్లను గాజు పెట్టెల్లో పెట్టారు. లోంగేవాలాలో పాకిస్తాన్ ట్యాంకులు ఇప్పటికీ కనిపిస్తాయి. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ ఆధ్వర్యంలో 120 మంది దాకా ఉన్న ఒక కంపెనీ మీదికి 45 వరకు ట్యాంకులు వచ్చాయి. దాడి ఎందుకు చెడిందో ఆ నేలను చూస్తే తెలుస్తుంది. రోడ్డు దిగిన ట్యాంకు ఇసుకలో దిగబడింది. ముళ్ళతీగ కనిపించగానే మందుపాతరలుంటాయన్న భయంతో ఆగి విలువైన సమయం పోగొట్టుకున్నారు. పైన కాపు కాసే విమానాలు లేవు. జైసల్మేర్‌లోని హంటర్ విమానాలకు రాత్రి పోరాడే సత్తా లేదు, కానీ తెల్లవారగానే అవి వచ్చి బయట పడి ఉన్న ట్యాంకులను ఒక్కొక్కటిగా కొట్టాయి.

ఆ యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. ఓడిన దేశం అణుబాంబు వైపు అడుగు వేసింది. 1972 జనవరిలో ముల్తాన్‌లో శాస్త్రవేత్తలను సమావేశపరిచి అప్పటి అధ్యక్షుడు జుల్ఫికర్ అలీ భుట్టో ఆ పని మొదలుపెట్టించారు.

మూడో రోజు: బికనేర్

జైసల్మేర్ నుంచి బికనేర్ 330 కి.మీ. రోడ్డు నున్నగా ఉంటుంది, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. అణు యుద్ధ భయం ఎలా పెరుగుతూ వచ్చిందన్నది మాత్రం ఈ ఎడారిలోనే తెలుస్తుంది.

1986 చివర్లో సైన్యాధిపతి జనరల్ సుందర్జీ హయాంలో రాజస్థాన్ ఎడారిలో బ్రాస్‌టాక్స్ అనే పేరుతో భారీ సైనిక విన్యాసాలు మొదలయ్యాయి. అంత పెద్ద దళం మందుగుండుతో సరిహద్దు దగ్గర తిరుగుతుంటే అది కసరత్తా, దాడికి సన్నాహమా అన్నది అవతలివాళ్ళకు అంతుబట్టలేదు. వాళ్ళూ దళాలను కదిపారు. దానికి జవాబుగా మళ్ళీ ఇక్కడ కదిలాయి. 1987 జనవరిలో పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ భారతీయ పాత్రికేయుడు కుల్దీప్ నయ్యర్‌తో మాట్లాడుతూ తమ దగ్గర బాంబు ఉన్నట్టే సూచించారు. ఫిబ్రవరిలో పాకిస్తాన్ అధ్యక్షుడు జియా ఉల్ హక్ క్రికెట్ మ్యాచ్ పేరుతో జైపూర్ వచ్చాక ఉద్రిక్తత సడలింది.

ఆ భయంలోంచే పనికొచ్చే ఒప్పందాలు పుట్టాయి. 1988 డిసెంబరు 31న రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టోల సమక్షంలో, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదన్న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాని ప్రకారం ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైన ఈ ఆనవాయితీ కార్గిల్ తర్వాతా, ముంబయి దాడుల తర్వాతా, పుల్వామా తర్వాతా ఆగలేదు. పెద్ద సైనిక విన్యాసాలకు ముందుగా కబురు చెయ్యాలని, యుద్ధ విమానాలు అవతలి గగనతలానికి 10 కి.మీ. లోపు రాకూడదని 1991లో రాసుకున్నారు. బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు చెప్పాలన్నది 2005 నాటి ఒప్పందం. ప్రయోగించే చోటు సరిహద్దుకు 40 కి.మీ. లోపు ఉండకూడదు, క్షిపణి పడే చోటు 70 కి.మీ. లోపు ఉండకూడదు. ఇవి పెద్ద శాంతి ఒప్పందాలేమీ కావు, గుమాస్తాలు నడిపే కాగితాలు. అయినా ఇన్నేళ్ళుగా నిలిచినవి ఇవే.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ కింద సైన్యం పది నెలలు సరిహద్దున నిలబడింది. యుద్ధం జరగకుండానే వందల మంది సైనికులు చనిపోయారు. మందుపాతరలు పరిచేటప్పుడు, తర్వాత తీసేటప్పుడు పోయినవాళ్ళూ అందులో ఉన్నారు. రైతులకు పొలాలు చాలాకాలం అందలేదు. దళాలు సరిహద్దుకు చేరడానికే వారాలు పట్టిందన్న విమర్శలోంచి, చిన్న చిన్న దళాలు వేగంగా చొచ్చుకుపోయి అణు ప్రయోగం దాకా రాకముందే ఆగాలన్న ‘కోల్డ్ స్టార్ట్’ ఆలోచన వచ్చింది. దానికి పాకిస్తాన్ జవాబు 60 కి.మీ. పరిధి గల నస్ర్ క్షిపణి. 2011లో తొలిసారి పరీక్షించారు. తమ నేల మీదికి వచ్చిన భారత ట్యాంకుల దళాన్ని చిన్న అణ్వస్త్రంతో కొట్టడం దాని పని.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో కాస్త ఆగి చూడాలి. అంత తక్కువ పరిధి గల ఆయుధాన్ని ముందు వరుసలకు తరలించాలి. అక్కడ అది శత్రువు చేతికి చిక్కుతుందన్న భయంతో త్వరగా వాడెయ్యాలన్న ఒత్తిడి పుడుతుంది. చిన్నదైనా పెద్దదైనా అణ్వస్త్రం అణ్వస్త్రమేనని, భారీగానే తిప్పికొడతామని భారత్ అంటోంది. ఒక ఎడారి మూలలో మొదలైనది గంటల్లో నగరాల మీదికి పాకడానికి ఈ రెండు విధానాలూ కలిస్తే చాలు.

నాలుగో రోజు: సూరత్‌గఢ్, శ్రీగంగానగర్, ఫిరోజ్‌పూర్

పొద్దున్నే బయలుదేరాలి. గంగానగర్ దాకా 240, అక్కడి నుంచి అబోహర్, ఫాజిల్కాల మీదుగా ఫిరోజ్‌పూర్ మరో 160 కి.మీ. ఉంటుంది.

2022 మార్చి 9 సాయంత్రం భారత్ నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్ పంజాబ్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. అది సూరత్‌గఢ్ నుంచి వచ్చిందని పాకిస్తాన్ విదేశాంగ శాఖ మొదట ప్రకటించింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు. పొరపాటు జరిగిందని భారత్ రెండు రోజుల తర్వాత ఒప్పుకుంది, ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించింది. 2005 ఒప్పందం పైకి లేచి విల్లులా వంగి పడే బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది. విమానంలా ఎగిరే బ్రహ్మోస్ లాంటి క్రూయిజ్ క్షిపణులు దాని కిందికి రావు. పైగా ఒకే క్షిపణి మామూలు పేలుడునూ, అణ్వస్త్రాన్నీ మోయగలిగినప్పుడు రాడార్ తెర మీద కనిపించే చుక్క ఏది మోస్తోందో చెప్పడం కుదరదు. ఆ సాయంత్రం రెండు దేశాల మధ్యా ఉద్రిక్తత లేదు కాబట్టి సరిపోయింది. అదే పని దాడులు సాగుతున్న 2025 మే 9 రాత్రి జరిగి ఉంటే?

ఫిరోజ్‌పూర్ నుంచి హుస్సేనీవాలా పది కిలోమీటర్లు. 1931లో ఉరితీసిన భగత్ సింగ్, రాజగురు, సుఖ్‌దేవ్‌ల అంత్యక్రియలు జరిగిన చోటు సట్లెజ్ ఒడ్డున ఉంది. విభజనలో అటుపోయిన ఈ నేలను 1961లో సులేమాన్‌కీ దగ్గర 12 గ్రామాలిచ్చి భారత్ తిరిగి తీసుకుంది. మాట్లాడుకుని సరిహద్దు గీత మార్చుకున్న సందర్భాలూ ఈ రెండు దేశాల చరిత్రలో ఉన్నాయి.

కంచెను దగ్గరగా చూడగలిగేది ఇక్కడే. గీతకు సుమారు 150 గజాల ఇవతల, కొన్నిచోట్ల ఇంకా లోపలికి, రెండు వరుసల ముళ్ళకంచె, మధ్యలో తీగ చుట్టలు, రాత్రంతా వెలిగే దీపాలు ఉంటాయి. కంచెకు అవతల, గీతకు ఇవతల ఉన్న పొలాలు భారతీయ రైతులవే. అక్కడికి వెళ్ళాలంటే బీఎస్ఎఫ్ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించి, తనిఖీ అయ్యాక గేటు దాటాలి. గేటు పగలే, నిర్ణీత వేళల్లోనే తీస్తారు. చెరకు, జొన్న, పత్తి లాంటి ఎత్తు పంటలు వెయ్యనివ్వరు. మాటున మనిషి దాక్కోకూడదన్నది కారణం. అందుకే గోధుమ, వరే గతి. రాత్రిపూట మడికి నీళ్ళు పెట్టడం కుదరదు. ఉద్రిక్తత రేగితే మొదట మూతబడేది ఈ గేటే. ఏప్రిల్‌లో మూసేస్తే కోతకొచ్చిన గోధుమ చేలోనే నిలిచిపోతుంది. పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత 2025 ఏప్రిల్ చివర సరిహద్దు రైతులు రాత్రింబగళ్ళు కోతలు కోసింది అందుకే. 2016లో మెరుపు దాడుల తర్వాత గీతకు పది కిలోమీటర్లలోపు ఊళ్ళను ఖాళీ చేయించారు. వరి కోతలు దగ్గరపడ్డ రోజులవి.

ఐదో రోజు: అమృత్‌సర్, అటారీ

అటారీ అమృత్‌సర్ నుంచి 30 కి.మీ. లోపే. సూర్యాస్తమయానికి ముందు జరిగే జెండా దించే వేడుకకు ప్రవేశం ఉచితం, వేళ రుతువును బట్టి మారుతుంది. బీఎస్ఎఫ్ వెబ్‌సైట్‌లో సీటు ముందుగా బుక్ చేసుకోవచ్చు. బ్యాగులు లోపలికి రానివ్వరు. గుర్తింపు కార్డు, ఫోను, డబ్బులు జేబులో పెట్టుకుని కనీసం గంటన్నర ముందు చేరాలి. 1959 నుంచి ఈ వేడుకలో రెండు వైపులా గేట్లు తెరిచి, సైనికులు చేతులు కలిపేవారు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపాక ఆ రెండూ ఆపేశారు. ఇక్కడి చెక్‌పోస్టునూ మూసేశారు. గేటు వేసి ఉండగానే కవాతు జరిగే పద్ధతి వచ్చింది.

మే 7 అర్ధరాత్రి దాటాక భారత్ ఆపరేషన్ సిందూర్ పేరుతో తొమ్మిది చోట్ల దాడి చేసింది. మూడున్నర రోజుల పాటు డ్రోన్లు, క్షిపణులు, ఫిరంగులు ఆగలేదు. అమృత్‌సర్‌లో వరుసగా రాత్రుళ్ళు బ్లాకౌట్ పాటించారు. హెచ్చుతగ్గులుగా ఊళపెడుతూ మోగే సైరన్‌కు దాడి వస్తోందని అర్థం. ఒకే స్థాయిలో సాగే మోతకు ప్రమాదం తప్పిందని అర్థం. బ్లాకౌట్‌లో ఎక్కువగా తప్పేవి చిన్న విషయాలే: ఇన్వర్టర్‌తో తమంతట తామే వెలిగే లైట్లు, సోలార్ దీపాలు, సీసీ కెమెరాల మెరుపులు, డాబా మీద ఫోను పట్టుకుని వీడియో తీసేవాళ్ళు. ప్రయాణికులు గది తీసుకోగానే మెయిన్ స్విచ్ ఎక్కడుందో, మెట్లు ఎటువైపో చూసుకోవాలి. లిఫ్ట్ ఎక్కకూడదు.

మే 10 తెల్లవారుజామున పాకిస్తాన్ వైమానిక స్థావరాల మీద దాడులు జరిగాయి. వాటిలో రావల్పిండిలోని నూర్ ఖాన్ ఒకటి. అణ్వస్త్రాల బాధ్యత చూసే స్ట్రాటజిక్ ప్లాన్స్ డివిజన్ కార్యాలయం ఆ చుట్టుపక్కలే ఉంది. ఆ పొద్దునే, అణ్వస్త్రాల మీద నిర్ణయాలు తీసుకునే పాకిస్తాన్ నేషనల్ కమాండ్ అథారిటీ సమావేశమవుతోందన్న వార్త వచ్చింది. అలాంటి సమావేశమేదీ లేదని వాళ్ళ రక్షణమంత్రి తర్వాత చెప్పారు. ఆ కొద్ది గంటలు భయపడదగ్గవే. ఢిల్లీకి, ఇస్లామాబాద్‌కూ మధ్య 700 కి.మీ. లోపు దూరం, బాలిస్టిక్ క్షిపణికి పది నిమిషాల పని. అమెరికా, సోవియట్ యూనియన్‌లకు ఒకప్పుడు అరగంట వ్యవధి ఉండేది. అమృత్‌సర్, లాహోర్‌ల మధ్య 50 కి.మీ. ఉంటుంది. అక్కడ హెచ్చరికకు సమయమే ఉండదు.

ఆ మధ్యాహ్నం 3:35కు పాకిస్తాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ (డీజీఎంఓ) భారత డీజీఎంఓకు ఫోను చేశారు. 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని నిర్ణయమైంది. ఆ రాత్రి మళ్ళీ కొన్ని చోట్ల డ్రోన్లు కనిపించినా తర్వాత సద్దుమణిగింది. ఈ హాట్‌లైన్ 1971 యుద్ధం తర్వాత పెట్టినది. మామూలు రోజుల్లో మంగళవారం మంగళవారం అధికారుల స్థాయిలో మాట్లాడుకుంటారు. రాయబార కార్యాలయాలను కుదించారు, గగనతలం మూసేశారు, వీసాలు రద్దు చేశారు. ఈ తీగ మాత్రం తెగలేదు. సరిహద్దు గురించి ఆలోచించే ప్రతి ఒక్కరూ దీని విలువ గుర్తించాలి.

ఆరో రోజు: డేరా బాబా నానక్, జమ్మూ

గురునానక్ చివరి రోజులు గడిపిన కర్తార్‌పూర్ గురుద్వారా గీతకు నాలుగున్నర కిలోమీటర్ల అవతల ఉంది. 2019 నవంబరు 9న తెరిచిన కారిడార్ గుండా వీసా లేకుండా, పాస్‌పోర్టుతో, 20 డాలర్ల రుసుముతో వెళ్ళిరాగలిగేవారు. 2025 మే 7న దాన్ని మూసేశారు. వెళ్ళే ముందు పరిస్థితి కనుక్కోవాలి. తెరిచి లేకపోతే ఇవతలి ఒడ్డు నుంచే దర్శనం. మధ్యాహ్నానికి బయలుదేరితే పఠాన్‌కోట్ మీదుగా రాత్రికి జమ్మూ చేరొచ్చు.

ఏడో రోజు: ఆర్.ఎస్.పురా, సుచేత్‌గఢ్

జమ్మూ నుంచి సుచేత్‌గఢ్ 30 కి.మీ. లోపే. అవతల సియాల్‌కోట్ 11 కి.మీ. సిమ్లా ఒప్పందం తర్వాత 1972 డిసెంబరు 11న నియంత్రణ రేఖ పటాల మీద సంతకాలయ్యింది ఈ ఊళ్ళోనే.

ఇక్కడ చూడాల్సింది బంకర్లు. జమ్మూ, సాంబా, కఠువా, రాజౌరీ, పూంఛ్ జిల్లాలకు కేంద్రం 2017 చివర్లో 14,460 బంకర్లు మంజూరు చేసింది. ఇంటి బంకరు 160 చదరపు అడుగులు, ఎనిమిది మందికి. ఊరుమ్మడి బంకరు 800 చదరపు అడుగులు, నలభై మందికి. ఎలా లెక్కేసినా మనిషికి 20 చదరపు అడుగులే. కూర్చోవచ్చు, అందరూ ఒక్కసారే పడుకోలేరు. నేలలోకి దిగే మెట్లు, కాంక్రీటు గోడలు, మందమైన పైకప్పు ఉంటాయి. మోర్టారు తునకల నుంచి ఇది కాపాడుతుంది. నేరుగా పడే భారీ ఫిరంగి గుండును తట్టుకుంటుందన్న హామీ లేదు. అణు ధూళి నుంచి రోజుల తరబడి కాపాడాలంటే గాలి వడపోత, నీళ్ళు, మరుగుదొడ్డి కావాలి. వాటికోసం వీటిని కట్టలేదు.

చెడేది ఎక్కడంటే, ఇది బాసుమతి పండే నేల. వానాకాలంలో బంకర్లలో నీరు చేరుతుంది. కాల్పులు లేని ఏళ్ళలో అవి గడ్డి, పాత సామాన్లు దాచే గదులవుతాయి. 2021 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ మళ్ళీ అమల్లోకొచ్చాక చాలా ఊళ్ళలో ఇదే జరిగింది. నాలుగేళ్ళకు ఫిరంగులు మోగాయి. మే 7న పూంఛ్ పట్టణం మీద పడిన గుండ్లకు పిల్లలతో సహా డజనుకు పైగా పౌరులు చనిపోయారు. బంకర్లు ఎక్కువగా గీతను ఆనుకున్న పల్లెలకే కట్టడంతో పట్టణంవాళ్ళకు తలదాచుకునే చోటు లేకపోయింది.

ఎనిమిదో రోజు: చీనాబ్ వెంట శ్రీనగర్‌కు

కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ రైలు మూడు గంటల్లో చేరుస్తుంది, 359 మీటర్ల ఎత్తున్న చీనాబ్ వంతెన మీదుగా. ఈ ప్రయాణానికి మాత్రం రోడ్డే మేలు. రాంబన్ దగ్గర కొండచరియలు విరిగి గంటల తరబడి ఆగిపోతుంది కాబట్టి చీకటితో బయలుదేరాలి, ట్రాఫిక్ పోలీసు ప్రకటన చూసుకోవాలి.

రాంబన్‌కు ముందు బగ్లిహార్ ఆనకట్ట వస్తుంది. 1960 సింధు జలాల ఒప్పందం ప్రకారం రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు, సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్తాన్‌కు. మూడు యుద్ధాల్లోనూ ఆగని ఈ ఒప్పందాన్ని 2025 ఏప్రిల్ 23న భారత్ నిలిపివేసింది. మర్నాడే పాకిస్తాన్, తమ నీటిని ఆపినా మళ్ళించినా యుద్ధ చర్యగానే చూస్తామంది. అది ఉత్త మాట కాదు. ఎప్పుడు అణ్వస్త్రం వాడతారన్నదానికి వాళ్ళ స్ట్రాటజిక్ ప్లాన్స్ డివిజన్ అధిపతి జనరల్ ఖాలిద్ కిద్వాయీ 2002 ప్రాంతంలో చెప్పిన నాలుగు సందర్భాల్లో ఆర్థికంగా గొంతు నులమడం ఒకటి. భూభాగం పెద్ద ఎత్తున పోవడం, సైన్యం దెబ్బతినడం, లోపల అస్థిరత రేపడం మిగతావి. బగ్లిహార్ లాంటివి నీటిని ఎక్కువకాలం నిల్వ చేసే ఆనకట్టలు కావు. కొన్ని రోజులు ఆపగలవు, ఒక్కసారిగా వదలగలవు. నది ఒక్కరోజులో ఎండిపోదు. కానీ నాట్ల వేళ నీరు ఎప్పుడొస్తుందో తెలియకపోతే అవతలి పంజాబ్ రైతుకు అదే చాలు. ప్రవాహాల లెక్కలు పంచుకోవడం ఆగిపోవడం అన్నిటికంటే పెద్ద నష్టం. వరద హెచ్చరిక కూడా అందులోనే ఉండేది.

తొమ్మిదో రోజు: శ్రీనగర్

2013 జనవరిలో జమ్మూకశ్మీర్ పౌర రక్షణ విభాగం ఇక్కడి పత్రికలో ఒక ప్రకటన వేసింది. అణు దాడి జరిగితే ఏం చెయ్యాలో అందులో చెప్పారు: నేలమాళిగలు కట్టుకోండి, తిండి, నీళ్ళు, కొవ్వొత్తులు దాచుకోండి. జనం హడలిపోయారు. అది మామూలు అవగాహన ప్రకటనేనని అధికారులు సర్దిచెప్పారు. ఇలాంటివి భయపెడతాయని చెప్పకుండా ఉండటం సరికాదు. చెప్పాల్సింది సూటిగా ఇది.

పేలుడుకు మరీ దగ్గరున్నవాళ్ళకు ఏ జాగ్రత్తా పనికిరాదు. కొన్ని కిలోమీటర్ల ఆవల ఉన్నవాళ్ళ ప్రాణాలు మాత్రం తొలి నిమిషాల్లో వాళ్ళు చేసే పనుల మీద ఆధారపడతాయి. మెరుపు కనిపిస్తే అటు చూడకూడదు, కిటికీ దగ్గరికి పోకూడదు. వెలుగు వెంటనే వస్తుంది. ఐదు కిలోమీటర్ల దూరానికి దెబ్బ తరంగం పది పదిహేను సెకన్ల తర్వాత వస్తుంది. ఏమిటో చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళినవాళ్ళ ముఖాన అద్దాలు పగిలేది అప్పుడే. బోర్లా పడుకుని ముఖం, చేతులు కప్పుకోవాలి. తర్వాత అణు ధూళి రాలడానికి కొన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆలోగా ఇటుక లేదా కాంక్రీటు భవనం మధ్య గదిలోకో, నేలమాళిగలోకో చేరాలి. పై అంతస్తు, బయటి గోడ పక్క చోటు పనికిరావు. బయట తిరిగి వచ్చినవాళ్ళు పై బట్టలు విప్పి సంచిలో కట్టి దూరంగా పెడితే ఒంటి మీది ధూళి చాలావరకు పోతుంది. సబ్బు నీళ్ళతో రుద్దకుండా కడుక్కోవాలి. జుట్టుకు కండిషనర్ పెట్టకూడదు, అది ధూళిని అంటిపెట్టుకునేలా చేస్తుంది.

రేడియేషన్ ఎలా తగ్గుతుందో ఒక లెక్క గుర్తుంచుకోవాలి: కాలం ఏడింతలయ్యే కొద్దీ తీవ్రత పదో వంతుకు దిగుతుంది. గంటకు ఉన్నది 7 గంటలకు పదో వంతు, 49 గంటలకు నూరో వంతు. కాబట్టి తొలి 24 గంటలు కదలకూడదు, వీలైతే రెండు రోజులు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బడిలో ఉన్న పిల్లల కోసం, ఊరవతలి బంధువుల కోసం తొలి గంటలోనే రోడ్డెక్కుతారు. బడి లోపలే పిల్లలు భద్రంగా ఉంటారు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్ళు, బ్యాటరీతో నడిచే రేడియో ఉండాలి. పొటాషియం అయొడైడ్ మాత్ర థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయొడిన్ నుంచి మాత్రమే కాపాడుతుంది. దాన్ని రేడియేషన్‌కు విరుగుడు అనుకోకూడదు.

ఈ జాగ్రత్తల హద్దు కూడా తెలియాలి. నగరాలు తగలబడితే లేచే మసి పైవాతావరణంలో ఏళ్ళ తరబడి నిలిచి సూర్యకాంతిని అడ్డుకుంటుంది. భారత్, పాకిస్తాన్ యుద్ధంలో నేరుగా 5 నుంచి 12 కోట్ల మందికి పైగా చనిపోవచ్చని 2019లో, పంటలు పోయి ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఆకలికి బలికావచ్చని 2022లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. సరిహద్దుకు వెయ్యి మైళ్ళ దూరాన ఉన్నామన్న ధీమాకు ఆధారం లేదు.

పదో రోజు: జోజిలా, ద్రాస్, కార్గిల్

శ్రీనగర్ నుంచి కార్గిల్ సుమారు 200 కి.మీ. 2025 జనవరిలో తెరిచిన ఆరున్నర కిలోమీటర్ల సోన్‌మార్గ్ సొరంగంతో సగం దారి సులువైంది. జోజిలా 3,500 మీటర్ల ఎత్తు. వాన పడితే బురద, మంచు పడితే మూత. తల నొప్పి, వాంతి మొదలైతే ఇంకా పైకి పోకుండా ఆగాలి.

ద్రాస్ స్మారకం వెనకే తోలోలింగ్ కొండ. అక్కడ నిలబడితే 1999లో శత్రువు హైవేను కంటితో చూస్తూ ఫిరంగులు ఎలా పేల్పించాడో అర్థమవుతుంది. ఆ శిఖరాల కోసం 527 మంది భారత సైనికులు ప్రాణాలిచ్చారు. నియంత్రణ రేఖ దాటవద్దన్న ఆదేశం వాయుసేనకూ వర్తించింది. రేఖ ఇవతలి నుంచే, కష్టమైన కోణాల్లో బాంబులు వెయ్యాల్సి వచ్చింది. పరీక్షలు జరిపి అప్పటికి ఏడాదే అయింది, యుద్ధం పెరిగితే ఎక్కడికి పోతుందోనన్న లెక్క ఢిల్లీలో ఉంది.

ఆ హద్దు తర్వాత ఎలా జరుగుతూ వచ్చిందో చూడాలి. 2016లో కమాండోలు రేఖ దాటి వెళ్ళొచ్చారు. 2019లో విమానాలు ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలోని బాలాకోట్ మీద బాంబులు వేశాయి. 2025లో పాకిస్తాన్ పంజాబ్‌లోని బహావల్‌పూర్, మురీద్కే మీద, తర్వాత వైమానిక స్థావరాల మీద దాడులు జరిగాయి. ప్రతిసారీ అణ్వస్త్రం దాకా పోలేదు కాబట్టి తర్వాతిసారి మరో మెట్టు ఎక్కవచ్చన్న నమ్మకం రెండు రాజధానుల్లోనూ బలపడుతోంది. ఇది ప్రమాదకరమైన నమ్మకం. చివరి మెట్టు ఎక్కడుందో ఎవరూ ముందుగా చెప్పరు. ఉగ్రవాదాన్ని పోషించేవాళ్ళు ఆ పని మానాలి. రేపు మరో దాడి జరిగితే ప్రతీకారం తీర్చుకునేవాళ్ళు ఆగే చోటు ముందే తేల్చుకోవాలి. ఆ రెంటికీ మధ్య మంగళవారం ఫోను, జనవరి 1 జాబితా ఏ కోపంలోనూ ఆగకూడదు. క్రూయిజ్ క్షిపణులనూ, డ్రోన్లనూ 2005 ఒప్పందంలోకి తేవాలి.

కార్గిల్ నుంచి హుందర్‌మాన్ గ్రామం పది పన్నెండు కిలోమీటర్లు, గుర్తింపు కార్డు చూపాలి. 1971 దాకా అది పాకిస్తాన్ అధీనంలో ఉండేది. పాత రాతి ఇళ్ళలో అప్పటి ఉత్తరాలు, సామాన్లు ప్రదర్శనకు పెట్టారు. రేఖ అటు మిగిలిపోయిన బంధువులను చూడాలంటే వీళ్ళు అటారీ దాకా పోయి చుట్టూ తిరిగి వెళ్ళేవారు. అటారీ మూతబడ్డాక ఆ దారీ పోయింది.

వెనక్కి శ్రీనగర్ పోవచ్చు, లేదా 215 కి.మీ. దూరంలోని లేహ్‌కు వెళ్ళి విమానం ఎక్కవచ్చు. వాతావరణంతో రెండూ చిక్కే కాబట్టి రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి.